విడిచి చదివిన మాటలు

నీలం నగర్, సోలాపూర్
10 నవంబర్ 2024

బిడ్డా ప్రణాలీ,

నీ తాత సిద్ధరాములు రాస్తున్న. బాగున్నవా అని అడగ. మెడల బంగారు పతకం ఏసుకున్నోళ్ళు బాగనే ఉంటరు. నేను గూడ బాగనే ఉన్న. చెవులు మాత్రం ఇగ పూర్తిగ పోయినయ్. నలభై ఏండ్లు దాజీ పేట్ల టవాళ్ళు నేసే సాంచెల నడుమ నిలబడితే చెవులు ఉంటయా? ఎదురుంగ ఉన్నోళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంట గని, ఫోన్ల నువ్వు మాట్లాడితె చేప నోరు తెరిచి మూసినట్లే కనబడతది. అందుకని నాకు కాగితమే రాయి. అక్షరాలు పెద్దగ రాయి. చీమలు పాకినట్లు రాస్తె నేను చదవ.

నీ కాగితం ఫోటో మీ అమ్మ యశోద ఫోన్ల వచ్చింది. యశోద ఫోన్ పట్టుకున్నది, నేను ఇంటి ముందల ఓటా అరుగు మీద కూసొని గట్టిగ చదివిన. గల్లీ అంత వచ్చిన్రు. గంగుబాయి ఐతె బీడీల చాట ఎత్తుకొనే వచ్చింది. ఈ గల్లీల తెలుగు మాట్లాడనోడు లేడు, తెలుగు చదివెటోడు మాత్రం నేనొక్కణ్ణే. అందరిది మరాఠీ బడి. మీ అమ్మది గూడ. నువ్వు సెలవులకు వచ్చినప్పుడు పలక మీద నీతోని తెలుగు దిద్దిపిస్తె, "మంచు బర్ఫ్ మీద ఉండే పిల్లకు గీ అక్షరాలు ఎందుకు మామా" అని నవ్వింది. ఇప్పుడు ఎవరు ఎవరి దగ్గర కూసొని చదివిపిచ్చుకుంటున్నరు?

కొంతం చౌక్ల నీ ఫ్లెక్స్ కట్టిన్రు. నువ్వు స్కీలు కట్టుకొని బర్ఫ్ మీద వంగి జారుతున్న ఫోటో, పక్కన తలకు ఫేటా చుట్టుకొని నేను. గంగుబాయి చూసొచ్చి ఏమన్నది తెలుసా? "సిద్ధరాములన్నా, పిల్ల ఎటో జారిపోతుంటె నువ్వు కండ్లు మూసుకొని నిలబడ్డట్లున్నది." ఫోటో తీసినప్పుడు రెప్ప కొట్టిన, అంతే. దానికి కుళ్ళు.

ఇగ ఒక మాట. ప్రాక్టీసుల పడ్డ, తల కొట్టుకున్నది, హెల్మెట్ పగిలింది, జరసేపు ఎక్కడున్ననో తెల్వలేదు అని రాసినవ్. ఆ లైన్లు నేను చదవలేదు, విడిచిపెట్టిన. ఊరంత కూసున్నప్పుడు పడ్డ మాట ఎందుకు? గెలిచిన మాట చదివిన, చప్పట్లు కొట్టిన్రు. చప్పట్లు నాకు వినరావు గని చేతులు కనబడతయ్.

పడ్డోడు లేచి నడుస్తె పడనట్లే లెక్క.

నీ తాత
సిద్ధరాములు


ఆస్ట్రియా
19 నవంబర్ 2024

తాతా,

పెద్ద అక్షరాలతోనే రాస్తున్న, చూడు. ఒక్కో కాగితం మీద నాలుగు మాటలే పడుతున్నయ్. కోచ్ సాబ్ చూసి బొమ్మలు గీస్తున్ననా అని అడిగిండు.

ఇది ఓటా మీద చదవకు. నీకు, అమ్మకు మాత్రమే.

ఆ దెబ్బ ఇంకా పోలేదు తాతా. నొప్పి లేదు. కొండ మీదికెల్లి దిగేటప్పుడు ఎడమ దిక్కు గేటు ఆలస్యంగా వస్తున్నది. గేటంటే బర్ఫ్‌ల పాతిన జెండా కర్రలు, వాటిని ఆనుకొని తిరగాలె. కుడి దిక్కుది ఎప్పటిలెక్కనే వస్తది. ఎడమ దిక్కుది ఉండదు, ఉండదు, ఒక్కసారే ముఖం మీద ఉంటది. రైలు వేగం మీద వస్తుంటె అట్ల కావద్దు.

చిన్నప్పుడు గుల్మార్గ్‌ల నాన్న నా నడుముకు తాడు కట్టి వెనుక పట్టుకొని దిగేటోడు. ఒకరోజు కిందికి వచ్చి చూస్తె తాడు నా వెనుక ఊరికె ఈడుస్తున్నది, నాన్న పైననే నిలబడి నవ్వుతున్నడు. అప్పటిసంది నాకు భయం అన్నది తెల్వదు. స్కూల్ పోటీలు, నేషనల్, మొన్నటి ఆసియా పతకం, ఏడ భయపడలే. ఇప్పుడు భయం గాదు, ఏందో వేరే ఉన్నది.

నిన్న మా ముందల ఒక స్లొవేనియా పిల్ల వలకు కొట్టుకున్నది. హెలికాప్టర్ల తీసుకపోయిన్రు. ఆమె స్కీ ఒకటి బర్ఫ్‌ల నిలువుగ గుచ్చుకొని ఉండిపోయింది. సాయంత్రం దాక ఎవరు తీయలేదు. అందరం దాని పక్కనుంచే దిగినం.

కోచ్ సాబ్‌కు చెప్పలేదు. చెప్తె హెల్మెట్ తీసి పక్కన పెట్టిస్తరు, ప్రపంచ పోటీ ఎంపిక పోతది. అట్లని నేనొక్కదాన్నే నిర్ణయం తీసుకోలేను. నాన్న మీద బర్ఫ్ చరియ పడ్డప్పటిసంది అమ్మ బర్ఫ్ అన్న మాటే అనదు, "అక్కడ" అంటది. వీడియోల ఆమె ముఖం చూస్తె నా నోరు లేవదు. నువ్వు చెప్పు తాతా. అమ్మ వచ్చెయ్ అంటె వచ్చేస్త. ఉండు అంటె ఉంట. ఆమె ఏమన్నదో రాయి.

ప్రణాలి


నీలం నగర్
24 నవంబర్ 2024

ప్రణాలీ,

కాగితం అందింది. చెప్పిన. ఉరుకు అన్నది.

ఇక్కడ చలి మొదలైంది. నీ చలి ముందల ఇది చలి గాదు అంటవేమో, గని చద్దర్లు నేసెటోళ్ళ ఊర్లె చద్దరు కప్పుకుంటె అది చలే. మన సమాజపోళ్ళు ఇంటికి వచ్చిన్రు. మార్కండేయ గుడి పక్కన హాల్ల నీకు సత్కార్ చేస్తరట, ఫిబ్రవరిల. నీ బొమ్మ ఎక్కే చద్దరు నేపిస్తరట. చద్దర్ల బొమ్మ ఎక్కాలంటె ముందుగాల అట్టలు కొట్టాలె, ఒక్కో పోగుకు ఒక్కో రంధ్రం. అట్టలు కొట్టెటోడు నా దగ్గరికి వచ్చి "పిల్ల చేతిల కప్పు పెట్టాల్నా వద్దా" అని అడిగిండు. పెట్టు అన్న. "ఇంకా గెలవలేదు గద కాకా" అన్నడు. "అట్టలు కొట్టుడు అయ్యేవరకు గెలుస్తది" అన్న.

ఆ స్లొవేనియా పిల్లకు తాత ఉన్నడో లేడో. నీకు ఉన్నడు.

మీ అమ్మ మంచిగున్నది. నువ్వు ఏం తింటున్నవ్ అని అడిగింది.

సిద్ధరాములు


ఆస్ట్రియా
8 డిసెంబర్ 2024

తాతా,

గెలిచిన. ఈ సీజన్‌ల మొదటి గెలుపు, పెద్ద పెద్ద దేశాలోళ్ళ నడుమ. గల్లీకి చదివి వినిపించు. గంగుబాయి అవ్వకు చెప్పు, కండ్లు మూసుకున్న తాత మనుమరాలు కండ్లు తెరిచే గెలిచింది అని.

ఇక్కడి నుంచి నీకు, అమ్మకు మాత్రమే.

కింది సగం నాకు గుర్తు లేదు. పై సగం గుర్తున్నది, చెట్ల నీడ దాటిన దాక. తర్వాత జనం నడుమ నిలబడి ఉన్న, ఎవరో నా భుజం తడుతున్నరు. నడుమ ఏమీ లేదు. వీడియో చూసిన. అందుల ఉన్న పిల్ల చాల బాగా దిగింది. ఆమె ఎవరో నాకు తెల్వదు.

నా గదిల ఉండే పూనం, మనాలి పిల్ల, నేను చాయ్ కప్పుల గాకుంట పక్కన పోస్తున్నది చూసింది. కోచ్‌కు చెప్త అన్నది. ఒట్టు పెట్టించుకున్న.

మొన్న అమ్మతోని వీడియో మాట్లాడిన. నవ్వింది తాతా. చట్నీ పొడి అయిపోయిందా అని అడిగింది. తల గురించి ఒక్క మాట లేదు. నేనే "పోవాల్నా అమ్మా" అన్న. "పోవాలె గద మరి, మంచిగ ఉరుకు" అన్నది. నేను స్టూలు ఎక్కితె కింద చేతులు చాపి నిలబడే అమ్మ. కోపమొచ్చిందా నా మీద? లేకుంటె రాయైపోయిందా? నువ్వు చెప్పినప్పుడు ఆమె అన్న మాటలు ఉన్నదున్నట్లు రాయి. నాకు ఆమె మాటలే కావాలె.

ప్రణాలి


నీలం నగర్
15 డిసెంబర్ 2024

బిడ్డా,

గెలిచిన కాగితం మూడు సార్లు చదివిపిచ్చుకున్నరు. గల్లీల పేడాలు పంచిన. గంగుబాయి నోట్ల నేనే పెట్టిన, ఇగ మాట్లాడకుంట.

మీ అమ్మ మాటలు అడిగినవ్. రాసుకో. "మామా, నడిచే సాంచెను నడుమ ఆపితె బట్ట మీద మచ్చ పడతది. పిల్ల నడుస్తున్నది, నడవనీ. తల నొప్పి అందరికి ఉంటది. లచ్చన్న బిడ్డ ఎనుకకు రావద్దు." ఇవే మాటలు. ఆమె ఏడవలేదు. రాయి గాలేదు, గట్టి మనిషి అంతే.

మతి లేకుంట దిగిన అంటున్నవ్. నేను పదేండ్లు సాంచె మీద నిద్రల నిలబడి నేసిన. చేతులకు తెలుసు పని. తలకాయకు ఏం పని?

నా కొడుకు లక్ష్మణ్ మిలిట్రీల చేరినప్పుడు నేను ఒప్పుకోలేదు. సాంచె విడిచి బర్ఫ్ మీద ఏం నేస్తవ్ రా అన్న. ఆ బర్ఫే తిన్నది వాణ్ణి. డబ్బ మీద జెండా కప్పి తెచ్చిన్రు, తెరవద్దు అన్నరు. తెరవలేదు. అప్పటిసంది నాకొక్కటే ఉన్నది లోపల. ఆ బర్ఫ్‌ను మనోళ్ళు ఎవరన్న కాలి కింద ఏసి తొక్కాలె. కప్పు పట్టుకొని దాని మీద నిలబడాలె. నువ్వు నిలబడతవ్.

మీ అమ్మకు కలలు వస్తున్నయట, తెల్లగ ఏమీ కనబడని కలలు. పగలంత బీడీలు చుట్టి కండ్లు అలుపు, దానికి కలలంటరా? పండుకో అన్న.

సిద్ధరాములు


ఆస్ట్రియా
20 జనవరి 2025

తాతా,

అమ్మ సాంచె మాట ఎన్నడు మాట్లాడంగ వినలేదు నేను. ఆమెది బీడీల పని. సరే, ఇన్నేండ్లు నీ ఇంట్ల ఉన్నది, నీ మాటలు అంటుకున్నయేమో. లచ్చన్న అని గూడ అనదు, "మీ నాన్న" అంటది. సరే.

ప్రపంచ పోటీకి, పెద్ద కొండకు ఎంపికైన. ఫిబ్రవరి 9 ఆదివారం. నేను దిగినవాటన్నిటికన్న నిటారుగ ఉంటది. నడుమ ఒక జాగల గాలిలకు లేస్తం, అక్కడ ఎడమ దిక్కుకు తిరిగే దిగాలె. ఎడమ దిక్కుకే.

ఇక్కడి డాక్టర్ అందరికి ఒక మాట చెప్పిండు. మానని తలకు ఇంకో దెబ్బ తగిలితె, అది చిన్న దెబ్బైనా సరే, కొందరు ఇగ లేవరు అని. అందరు ఫోన్లు చూసుకుంటున్నరు. నేను నా చేతులు చూసుకుంటున్న.

నేను అడిగేది ఇదే ఆఖరు సారి. ఈ కాగితం అమ్మకు మొదటి నుంచి చివరి దాక చదువు, డాక్టర్ మాటతోని సహ. వద్దు అంటె నాకు బాధ గాదు తాతా. నిజం చెప్పాల్నంటె ఆ మాట కోసమే చూస్తున్న. నా అంతట నేను ఆగలేను. నన్ను ఆపెటోళ్ళు కావాలె.

ప్రణాలి


నీలం నగర్
28 జనవరి 2025

ప్రణాలీ,

చదివిన. ఉరుకు అన్నది.

హాల్ మాట్లాడిన్రు. చద్దర్ల అట్టలు తయారైనయ్, నీ ముఖం మంచిగ వచ్చింది. డాక్టర్లు భయపెట్టకుంటె వాళ్ళ దగ్గరికి ఎవరు పోతరు.

ఆదివారం గల్లీల పెద్ద టీవీ పెడుతున్నరు.

సిద్ధరాములు


ఆస్ట్రియా
7 ఫిబ్రవరి 2025

తాతా,

సరే. ఉరుకుత.

సాయంత్రం కోచ్ సాబ్ అందరి ఫోన్లు తీసుకుంటడు. రేసుకు ముందల ఎవరు ఎవరితోని మాట్లాడద్దని. ఆదివారం పొద్దున మాత్రం జరసేపు ఇస్తరు, ఇంటికి ఒక ముక్క పంపుకునేటందుకు. అప్పుడు చూస్త ఏమన్న రాస్తె.

ఇయ్యాల ప్రాక్టీసుల గాలిలకు లేచే జాగల రెండు సార్లు వంకర దిగిన. పడలేదు.

అమ్మకు చెప్పు, నాకు ఆమె మీద కోపం లేదు. ఆమె ధైర్యం నాకు వచ్చి ఉంటె బాగుండు అనిపిస్తున్నది. ఇది మాత్రం విడిచిపెట్టకుంట చదువు.

ప్రణాలి


నీలం నగర్
8 ఫిబ్రవరి 2025, శనివారం

ప్రణాలీ,

ఈ కాగితం మీద పైన ఉన్న రెండు లైన్లు మీ అమ్మ మరాఠీల రాసింది. ముందుగాల ఆమె రాసింది, మిగిలిన జాగల నన్ను రాయమన్నది. "ఈసారి ఉన్నది రాయి" అన్నది. రాస్తున్న.

నిన్న నీ కాగితం వచ్చింది. యశోద ఫోన్ పట్టుకున్నది, గంగుబాయి పక్కన కూసున్నది. నేను చదివిన. పిల్ల మంచిగున్నది, రొట్టె తింటున్నది, ఎండ మంచిగ కొడుతున్నది, ఆదివారం గెలుస్త అన్నది అని చదివిన. యశోద విని బీడీలు చుట్టుకుంట కూసున్నది. ఇయ్యాల పొద్దున వచ్చి ఫోన్ నా ముందల పెట్టి, "మామా, మళ్ళొకసారి చదువు" అన్నది. చదివిన. పిల్ల మంచిగున్నది, అన్నం వండుకుంటున్నరు, బర్ఫ్ బాగా పడుతున్నది అని.

గంగుబాయి ఆకు కత్తిరిస్తున్నది, చేయి ఆపింది. నా ముఖం ముందలికి వంగి, పెదవులు నాకు అర్థమయ్యేటట్లు మెల్లగ అన్నది: "అన్నా, నిన్న అదే కాగితంల రొట్టె ఉండె గద. రాత్రికి రాత్రి అన్నమైందా?"

ఆమె నవ్వుతదేమో అని చూసిన. నవ్వలేదు.

ఇన్ని దినాలు నాకు తెల్వలేదు బిడ్డా. నేను చదివిన ప్రతి మాట మీ అమ్మ దగ్గర ఉన్నదట. బీడీ చుట్టేటప్పుడు చేతులకే పని, నోటికి పని లేదు. పొద్దంత నీ కాగితం మాటలే లోపల చదువుకుంటదట, ఒక్కో బీడీకి ఒక్కో మాట. వెనుకటి ఫోటోలు ఒక్కొక్కటి తీసింది. "ఇది చదువు. ఇది చదువు." నేను చదివిన. ఏది చదివినా ముందటి లెక్క రాలేదు. కల్పించినోనికి గుర్తుండదు, విన్నోళ్ళకు ఉంటది. నాలుగో కాగితానికి ఫోన్ కింద పెట్టిన.

"ఇగ ఉన్నది చదువు మామా" అన్నది.

చదివిన. హెల్మెట్ పగిలింది కాడికెల్లి. ఎడమ దిక్కు గేటు, చాయ్ కప్పు, డాక్టర్ మాట, ఆఖరుకు నన్ను ఆపెటోళ్ళు కావాలె అన్నది. ఆమె అనని మాటలు ఆమె అన్నట్లు నేను రాసింది గూడ చెప్పిన. మీ అమ్మ ఒక్క మాటకే లేచి నిలబడ్డది. డాక్టర్ మాటకు గాదు, కోపం లేదు అని నువ్వు రాసిన మాటకు.

నీకు ఫోన్ చేసింది. బందున్నది. పూనంది గూడ బంద్. కోచ్ నంబర్ మా దగ్గర లేదు. ఢిల్లీ ఆఫీసుకు చేసింది, శనివారం, ఎవరు ఎత్తలేదు. గొంతు రికార్డు చేసి పంపు అన్న. "నా గొంతు వింటె అది ఆగమైతది, రాసింది ఐతె నిమ్మలంగ చదువుకుంటది" అన్నది. నీ హిందీ బడి అక్షరాలే మరాఠీకి, నీకు వస్తయ్ గద. రాసింది. చాలాసేపు రాసింది రెండు లైన్లు.

నేను చూసిన. అవి నాకు రావు. యాభై ఏండ్లు ఈ ఊర్ల ఉండి ఆ అక్షరాలు నేర్వలేదు, నాకేం అవసరం అనుకున్న. ఏం రాసినవ్ యశోదా అని అడిగిన. రెండోసారి అడిగిన. అప్పుడు నా దిక్కు తిరిగి అన్నది:

"మంచిదే రాసిన అనుకో మామా. ఇన్ని దినాలు నేను అనుకోలేదా?"

బయట పెద్ద టీవీకి తెరలెక్క తెల్ల గుడ్డ కడుతున్నరు. రేపటికి కుర్చీలు వచ్చినయ్. మీ అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉన్నది, ఫోటో తీసేటందుకు. తొందరగ రాయి అంటున్నది.

వచ్చెయ్ అని రాసిందో, నీ ఇష్టం అని రాసిందో, ఇంకేం రాసిందో నాకు తెల్వదు. నా మాట ఇగ వినకు. కప్పు మాట, చద్దరు మాట, నీ నాయిన మాట, ఏది వినకు. ఫోన్ ఇచ్చినంక ముందుగాల పై రెండు లైన్లు చదువు. ఏముంటె అదే చెయ్యి.

నీ తాత